మూడు రూపాల నీటితో ఒక రాత్రి

"చుట్టూ మంచే ఉంటుంది కదా మావయ్యా, నీళ్ళ బరువు ఎందుకు మొయ్యాలి?"

మా మేనకోడలు అడిగిన ప్రశ్న ఇది. కాలిఫోర్నియాలో చదువుకుంటోంది. మా ఫ్లాట్లో, హాల్లో కార్పెట్ మీద సామానంతా పరిచి సర్దుకుంటున్నాం. రెండు రోజుల్లో యోసెమిటీ బయల్దేరాలి. స్కీల మీద సుమారు మూడు మైళ్ళు లోపలికి వెళ్ళి, మంచు మీద టెంట్ వేసుకుని, ఒక రాత్రి గడిపి మర్నాడు తిరిగి రావాలి. తనకిదే మొదటిసారి. రెండు బాటిళ్ళూ ఖాళీగానే సంచిలో పెట్టేసింది.

అడగాల్సిన ప్రశ్నే అడిగింది. మొదటిసారి మంచులోకి వెళ్ళేవాళ్ళు చలి గురించి ఆలోచిస్తారు. ఎంత మందం జాకెట్ కొనాలి, ఎన్ని డిగ్రీలకు పనికొచ్చే స్లీపింగ్ బ్యాగ్ తెచ్చుకోవాలి అని వాకబు చేస్తారు. నీటి గురించి ఎవరూ అడగరు. కానీ మంచులో మనిషిని ఇబ్బంది పెట్టేవన్నీ ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, ప్రతిదాని అడుగునా నీరే ఉంటుంది. తాగడానికి వీల్లేని గట్టి నీరు, చొక్కాను తడిపే చెమట నీరు, పడక బొంతలో చేరి గడ్డకట్టే ఊపిరి నీరు. ఈ మూడు రూపాల లెక్క ఇంటి దగ్గరే వేసుకుంటే మిగతా ఏర్పాట్లు వాటంతట అవే కుదురుతాయి. ఆ సాయంత్రం తనకు చెప్పింది అదే.

మన భాషలో ఒక చిక్కు ఉంది. గడ్డి మీద తెల్లారి మెరిసేదీ మంచే, లంబసింగిలో డిసెంబరు పొద్దున దారి కనపడనివ్వనిదీ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే. మనకు కురిసే మంచుతో పని పడలేదు గనక అన్నిటికీ ఈ ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటాం. ఈ అధ్యాయంలో మాత్రం మంచు అంటే ఆకాశం నుంచి స్ఫటికాలుగా రాలి పేరుకునేది. దాన్ని ఫ్రిజ్‌లోని ఐసుగడ్డతో కలిపేయకూడదు. కొత్తగా కురిసిన మంచు ఘనమీటరు సుమారు 100 కిలోలు తూగుతుంది, ఐసు 917 కిలోలు. అంటే కొత్త మంచులో పదింట తొమ్మిది వంతులు గాలే. ఆ గాలి వల్లే అది దూది పరుపులా వేడిని ఆపుతుంది. ఐసుతో పోలిస్తే కొత్త మంచు గుండా వేడి ముప్పై నలభై రెట్లు తక్కువగా ప్రవహిస్తుంది. మీటరు మందాన మంచు కప్పిన నేల, పైన ఎంత చలి ఉన్నా, సున్నా డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది.

ఆ గాలి వల్లే బాటిల్ నిండా మంచు కూరినా, కరిగాక అడుగున రెండు గుక్కల నీళ్ళే మిగులుతాయి.

ఇక తన ప్రశ్నకు జవాబు. −5 డిగ్రీల దగ్గరున్న కిలో మంచును నోట్లో వేసుకుని కరిగించి, శరీర ఉష్ణోగ్రతకు తెచ్చుకోవాలంటే ఎంత వేడి కావాలి? ముందు సున్నాకు తేవడానికి 10 కిలోజౌళ్ళు చాలు. కరిగించడానికి 334. బడిలో ద్రవీభవన గుప్తోష్ణం అని చదువుకున్నది ఇదే. సున్నా దగ్గరి మంచు సున్నా దగ్గరి నీరు కావడానికి ఖర్చయ్యే వేడితో, ఆ నీటినే 80 డిగ్రీల దాకా కాచవచ్చు. ఆ తర్వాత సున్నా నుంచి 37 డిగ్రీలకు ఇంకో 155. మొత్తం దగ్గర దగ్గర 500 కిలోజౌళ్ళు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో సెకనుకు సుమారు 100 జౌళ్ళ వేడి పుడుతుంది. అంటే లీటరు నీటికి సరిపడా మంచు తింటే, దాదాపు గంటన్నర సేపు ఒళ్ళు సంపాదించిన వేడి మొత్తం దానికే పోతుంది. దాహం తీరుతుంది, చేతులు బిగుసుకుపోతాయి.

ధ్రువ యాత్రికుడు ఫ్రిట్యాఫ్ నాన్సెన్‌కు ఈ లెక్క అనుభవంలో తెలిసింది. 1888లో ఆయన, ఇంకో అయిదుగురు గ్రీన్‌లాండ్‌ను స్కీల మీద తూర్పు నుంచి పడమరకు దాటారు. వాళ్ళలో ఇద్దరు సామీ తెగవారు, సామ్యూల్ బాల్టో, ఊలె రావ్నా. అంత పెద్ద మంచినీటి గుట్ట మీద నడుస్తూ వాళ్ళు వారాల తరబడి దాహంతో అలమటించారు. మోసుకెళ్ళిన స్పిరిట్ కొద్ది, దాంతో రోజుకు కరిగించగలిగిన మంచూ కొద్దే. పగలంతా చప్పిడి డబ్బాల్లో మంచు నింపి, చొక్కా లోపల గుండెకు ఆనించుకుని, ఒంటి వేడితో చుక్క చుక్కగా కరిగించుకున్నారు. తర్వాతి యాత్రకు నాన్సెన్ వాడిన కుక్కర్‌లో వంటగిన్నె చుట్టూ, పైన మంచు నింపే గిన్నెలు ఉండేవి. వంటగిన్నెను దాటిపోయే మంట వేడి ఆ మంచును కరిగించేది. దాని నమూనాలు ఆ తర్వాత ధ్రువ యాత్రికులు చాలామంది వాడారు. శాస్త్ర పరికరాల చరిత్రలో చెప్పుకోవలసిన వస్తువు అని నా అభిప్రాయం. దాహం నుంచి పుట్టిన పరికరం అది.

అందుకే ఆ రాత్రి ప్లాన్ ఇంధనంతో మొదలుపెట్టాం. ఇద్దరు మనుషులు. ఇంటి నుంచి నింపుకున్న నీళ్ళు మొదటి పగటికి చాలు. సాయంత్రం, రాత్రి, మర్నాటి దారి కోసం ఎనిమిది లీటర్లు మంచు నుంచే రావాలి. సగం మరిగించడానికి, సగం ఊరికే కరిగించడానికి. అక్కడ ఎత్తు సముద్రమట్టానికి 7,200 అడుగులు, కాబట్టి నీరు 100 దగ్గర కాక 93 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. −5 నుంచి 93 దాకా లీటరుకు 735 కిలోజౌళ్ళు, ఊరికే కరిగించడానికి 345. మొత్తం దాదాపు 4,300. స్టవ్‌లో పోసే శుద్ధిచేసిన పెట్రోలు గ్రాముకు 44 కిలోజౌళ్ళు ఇస్తుంది, సగం గాలికి పోతుందనుకుందాం. సుమారు రెండు వందల గ్రాములు. గాలి వీచినా, గిన్నె ఒలికినా, రాత్రి ఇంకోసారి టీ కావాలనిపించినా సరిపోయేలా అర లీటరు సీసా నింపుకున్నాం. అది 350 గ్రాములు తూగుతుంది. వేసవి క్యాంపుకి తీసుకెళ్ళే దానికి ఇది రెండింతల పైమాటే.

గ్యాస్ డబ్బా స్టవ్ తేలిక కదా, అదే పట్టుకెళ్తే? డబ్బాలో ఏ గ్యాసు ఉందో చూడాలి. మామూలు బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ కింద మరుగుతుంది, అంతకంటే చల్లబడితే ద్రవంగా డబ్బాలోనే కూర్చుంటుంది, మంట రాదు. ఐసోబ్యూటేన్ −12 దాకా ఆవిరవుతుంది, ప్రొపేన్ −42 దాకా. కలిపి నింపిన డబ్బాలో ప్రొపేన్ ముందే ఆవిరైపోతుంది, సగం డబ్బా మిగిలి ఉండగానే మంట ముడుచుకుంటుంది. డబ్బాను రాత్రి పక్కలో పెట్టుకుని పడుకోవడం, తలకిందులుగా బిగించి ద్రవాన్నే నేరుగా బర్నర్‌కు పంపే స్టవ్ వాడటం, ఇలాంటి ఉపాయాలు ఉన్నాయి. కొత్తవాళ్ళకు నేను పెట్రోలు స్టవ్‌నే చెబుతాను, ఇంటి బయట రెండు మూడు సార్లు వెలిగించి చూసుకున్న తర్వాత. ఒక జాగ్రత్త: −10 దగ్గర కూడా పెట్రోలు గడ్డకట్టదు. ఆ చల్లటి ద్రవం చేతి మీద ఒలికితే క్షణాల్లో ఆవిరవుతూ చర్మాన్ని గడ్డ కట్టించేస్తుంది. తొడుగు లేకుండా పోయకూడదు.

మేం ఎంచుకున్న చోటు గురించి కొంచెం. యోసెమిటీలో గ్లేసియర్ పాయింట్ రోడ్డును చలికాలంలో బ్యాడ్జర్ పాస్ దగ్గర మూసేస్తారు. బ్యాడ్జర్ పాస్‌లో 1935 నుంచి స్కీ ఆడుతున్నారు. అక్కడి నుంచి పదిన్నర మైళ్ళు మంచు కప్పిన రోడ్డు మీద గ్లేసియర్ పాయింట్ దాకా వెళ్ళవచ్చు. మేం అంత దూరం పెట్టుకోలేదు. బ్రైడల్‌వీల్ వాగు దాకా మూడు మైళ్ళు. రోడ్డే కాబట్టి వాలు సున్నితం, దారి తప్పే ప్రమాదం తక్కువ, ఏ క్షణాన వద్దనిపించినా గంటన్నరలో కారు దగ్గరికి వచ్చేయవచ్చు. మొదటి రాత్రికి చూడవలసిన గుణం ఇది: వెనక్కి రావడం తేలికగా ఉండాలి. రాత్రి ఉండేందుకు వైల్డర్‌నెస్ పర్మిట్ తీసుకోవాలి, తిండిని ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో పెట్టుకోవాలి, కారుకు చెయిన్లు ఉండాలి. రోడ్డు తెరిచి ఉందో, మంచు చాలినంత ఉందో బయల్దేరే రోజు పొద్దున మళ్ళీ చూసుకోవాలి.

నెల కూడా ముఖ్యమే. డిసెంబరు చివర అక్కడ పగలు తొమ్మిదిన్నర గంటలే. అయిదు కాకముందే సూర్యుడు దిగిపోతాడు, పద్నాలుగు గంటల చీకటి, బ్యాగులో పడుకుని టెంట్ గుడ్డను చూస్తూ గడపాలి. చలికంటే ఆ నిడివే కొత్తవాళ్ళను కుంగదీస్తుంది. మార్చిలో మంచు ఇంకా నిండుగా ఉంటుంది, పగలూ రాత్రీ సరిసమానం. అందుకే మార్చి.

స్కీ మీద జారడం కూడా నీటి కథే. చాలాకాలం పుస్తకాల్లో రాసినది ఏమంటే, మనిషి బరువుతో కలిగే ఒత్తిడికి మంచు కరిగి పలచటి నీటిపొర ఏర్పడుతుందని. లెక్క వేస్తే కుదరదు. మంచు కరిగే బిందువు ఒక్క డిగ్రీ తగ్గాలంటే 130 రెట్ల వాతావరణ పీడనం కావాలి. సామానుతో కలిపి 80 కిలోల మనిషి ఒక స్కీ మీద నిలబడితే పడేది వాతావరణ పీడనంలో పదో వంతు కూడా కాదు. 1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు జారుతున్నప్పుడు పుట్టే ఘర్షణ వేడే పైపొరను కరిగిస్తోందని చూపించారు. అంతకు చాలా ముందే, 1850లో, మైకేల్ ఫారడే ఇంకో సంగతి ఊహించాడు: ఐసు ఉపరితలం సున్నాకు దిగువన కూడా కొంత ద్రవంలాగే ప్రవర్తిస్తుందని, రెండు గడ్డలు తాకించగానే అతుక్కోవడానికి కారణం అదేనని. ఇప్పటి పరిశోధన రెండింటికీ పాత్ర ఉందంటుంది. చలి మరీ ముదిరి −30 కి దిగితే ఆ పొర నిలవదు, స్కీలు ఇసుకలో లాగినట్టు లాగుతాయి.

ముందుకు జారాలి, వెనక్కి జారకూడదు. మొదటిసారి వాళ్ళకు స్కీ అడుగున పాదం కింది భాగంలో చేప పొలుసుల్లాంటి గాట్లు ఉన్నవి చాలు. ముందుకు తోసినప్పుడు పొలుసులు నున్నగా వెళ్ళిపోతాయి, వెనక్కి జారబోతే మంచులో దిగి పట్టుకుంటాయి. నిలువు ఎక్కుళ్ళకు స్కీ అడుగున అంటించే పట్టీలు వేరే ఉన్నాయి. ఒకప్పుడు సీల్ తోలుతో చేసేవాళ్ళు, ఇప్పుడు నైలాన్, అంగోరా మేక బొచ్చు. మా దారికి అవి అక్కర్లేదు.

యోసెమిటీ ఉన్న ఇదే సియెర్రా కొండల్లో 1856 నుంచి ఇరవై ఏళ్ళపాటు ఒక మనిషి స్కీల మీద టపా మోశాడు. నార్వేలోని టెలిమార్క్‌లో పుట్టిన జాన్ థాంప్సన్. స్కీ అనే మాట అమెరికాలో అప్పటికింకా వాడుకలోకి రాలేదు, స్నోషూ థాంప్సన్ అన్నారు. ప్లాసర్‌విల్ నుంచి జెనోవాకు 90 మైళ్ళు, పోను మూడు రోజులు, రాను రెండు. పదడుగుల ఓక్ చెక్క స్కీలు, వీపున టపా మూట. కంబళి కూడా పట్టుకెళ్ళేవాడు కాదంటారు. ఆయన చేసిన పనికి ప్రభుత్వం సరైన జీతం ఇవ్వనేలేదు. ఆయన దారి మీద ఇవాళ కార్లు పోతున్నాయి గానీ, కంబళి లేకుండా మంచులో రాత్రి గడపగలిగిన ఆ ఒడుపు ఏమిటో ఆలోచించిన కొద్దీ నాకొక సంగతే తోస్తుంది. ఆయన చెమట పట్టనిచ్చి ఉండడు.

అసలు విషయానికి వచ్చాం. వేసవిలో కూజా నీళ్ళు చల్లబడే సూత్రం మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మట్టి రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ, ఆ పనికి కావలసిన వేడిని లోపలి నీటి నుంచే లాక్కుంటుంది. మంచులో ఆగి నిలబడిన మనిషి, చొక్కా తడిసి ఉంటే, అచ్చంగా కూజాయే. ఒంటి మీద గ్రాము నీరు ఆవిరి కావడానికి 2.4 కిలోజౌళ్ళు కావాలి. చిన్న గ్లాసుడు చెమట, 200 గ్రాములు, చొక్కాలో ఉండిపోయి ఆరితే 480 కిలోజౌళ్ళు. ఇందాకటి లెక్క గుర్తుందా? లీటరు మంచు తింటే పోయే వేడీ దాదాపు ఇంతే. మంచు తినకూడదని అందరూ చెబుతారు. గ్లాసుడు చెమట పట్టించుకుంటే లీటరు మంచు తిన్నంత నష్టమని ఎవరూ చెప్పరు.

మూటతో ఎక్కుతున్న మనిషి ఊరికే కూర్చున్నప్పటికంటే ఆరేడు రెట్లు వేడి పుట్టిస్తాడు. కారు దగ్గర వణుకుతూ అన్ని జాకెట్లూ తొడుక్కుని బయల్దేరితే పావుగంటలో లోపల ఉడికిపోతాడు. మా నియమం: బయల్దేరేటప్పుడు చలి వెయ్యాలి. మా మేనకోడలు జాకెట్ విప్పనని మొండికేసింది. అరమైలు కూడా వెళ్ళకముందే ఆగి, విప్పి, మూటలో పెట్టింది. అప్పటికే వీపు తడి. విరామానికి ఆగగానే పళ్ళు కొట్టుకోవడం మొదలైంది. ఎక్కడం మొదలుపెట్టే ముందు ఒక పొర తీయాలి, ఆగగానే, చలి తెలియక ముందే, ఒక పొర వేసుకోవాలి. విసుగ్గా అనిపిస్తుంది, కానీ స్కీ విద్యకంటే ఇదే ముఖ్యం.

బట్ట సంగతీ ఇందులోదే. ఉక్కపోతలో నూలు హాయి, ఎందుకంటే నీరు పీల్చుకుని నెమ్మదిగా ఆరుతుంది, చల్లబరుస్తుంది. ఆ గుణమే మంచులో శత్రువు. గాలితో పోలిస్తే నీరు పాతిక రెట్లు వేడిని లాగేస్తుంది, కాబట్టి తడిసిన నూలు బనియను చలికి తలుపు తీసిపెట్టినట్టే. పాలియెస్టర్ పోగు తన బరువులో ఒక శాతం నీరు కూడా పీల్చదు. ఉన్ని మాత్రం మూడో వంతు దాకా పీల్చుకుని కూడా ఒంటికి తడి తెలియనివ్వదు. లోపలి బనియను, లోదుస్తులు, మేజోళ్ళు, ఏ ఒక్కటీ నూలు ఉండకూడదు. జీన్స్ అసలు వద్దు.

దారిలో వాలుల గురించి ఒక మాట, నిజానికి ఒక మాటతో పోయేది కాదు. మంచు ఒకేసారి కురవదు, తుఫాను తుఫానుకీ ఒక పొర. అడుగున నేల సున్నా దగ్గర వెచ్చగా, పైన −15 చలిగా ఉంటే, మంచు గింజల మధ్య నీటి ఆవిరి కింది నుంచి పైకి కదులుతుంది. మీటరుకు పది డిగ్రీలకు మించి తేడా ఉంటే ఆ ఆవిరి మళ్ళీ గడ్డకట్టేటప్పుడు పంచదార పలుకుల్లాంటి, ఒకదానికొకటి అతకని స్ఫటికాలు తయారవుతాయి. మంచు పలచగా, చలి ఎక్కువగా ఉండే కొలరాడో కొండల్లో ఈ పంచదార పొర మరీ సాధారణం. దాని మీద పడ్డ బరువైన పొర ఒక్కసారిగా తెగి జారుతుంది. అదే హిమపాతం. ఎక్కువ భాగం 30 నుంచి 45 డిగ్రీల వాలులో తెగుతాయి. కాబట్టి మొదటి యాత్రకు మ్యాపులో 30 డిగ్రీలు దాటిన వాలు మీదకు గానీ, దాని కిందకు గానీ వెళ్ళని దారి ఎంచుకోవాలి. పైనుంచి జారి వచ్చేది చదునులో కూడా చాలా దూరం పరుచుకుంటుంది, కాబట్టి కింద ఉండటం కూడా లెక్కలోదే. పూడుకుపోయిన మనిషి ఊపిరిలోని నీరే ముఖం ముందున్న మంచును తడిపి ఐసు ముసుగులా గట్టిపరుస్తుంది, గాలి ఆడదు. మొదటి పది పదిహేను నిమిషాలు దాటితే బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. నిటారు కొండలకు వెళ్ళాలనుకున్నవాళ్ళు సిగ్నల్ పరికరం, పొడవాటి కడ్డీ, పార కొనుక్కోవడమే కాదు, శిక్షణ తీసుకోవాలి. ఈ పుస్తకం చదవడం శిక్షణ కాదు.

మధ్యాహ్నం రెండున్నరకు చోటు చేరాం. ఇది కూడా ముందే అనుకున్న సమయం: మూడు దాటితే ఎక్కడున్నా ఆగిపోవాలని. వెలుగు ఉండగానే చేయాల్సిన పని చాలా ఉంటుంది.

బయలు మధ్యలో టెంట్ వేస్తే ఆకాశం బాగుంటుంది. కానీ చల్లగాలి బరువైనది, పల్లంలోకి నీళ్ళలా దిగి నిలుస్తుంది. నిర్మలమైన రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వెళ్ళగక్కుతుంది. బయలుకంటే కాస్త ఎత్తున, చెట్ల అంచున వేసుకుంటే రెండు విధాలా మేలు. అయితే తల మీద ఎండుకొమ్మలు, మంచు మోస్తున్న కొమ్మలు లేని చోటు చూడాలి. మాను మొదళ్ళ దగ్గరికీ పోకూడదు. కొమ్మల కింద మంచు వదులుగా, లోతుగా, బావిలా ఉంటుంది.

ముందు స్కీలతో, తర్వాత బూట్లతో చోటంతా తొక్కాం. తొక్కగానే టెంట్ వేయకూడదు, అరగంటైనా ఆగాలి. మంచు గింజలు తగిలిన చోట నీటి ఆవిరి చేరి మెడలా అతుకు వేస్తుంది. ఇటుకల మధ్య సున్నం గట్టిపడినట్టు మొత్తం బిగుస్తుంది. అది బిగిసేదాకా ఓపిక పట్టనివాళ్ళకు రాత్రంతా మోకాలి గుంటలే పరుపు. టెంట్ మేకులు మంచులో నిలవవు. సంచుల్లో మంచు కూరి, తాడు కట్టి, అడుగు లోతున పాతి తొక్కితే అవి కూడా అలాగే అతుక్కుని, పొద్దున పారతో తవ్వితే గానీ రాలేదు.

తాగే మంచు తవ్వుకునే వైపు ఒకటి, కాలకృత్యాలకు వెళ్ళే వైపు ఇంకొకటి అని రాగానే గీత గీసుకోవాలి. చీకట్లో ఎవరూ ఆలోచించరు.

వంట. ఉత్త గిన్నెలో మంచు వేసి మంట పెడితే అడుగున ఉన్న కాస్తా కరిగి పైనున్న పొడి మంచులోకి ఇంకిపోతుంది, గిన్నె అడుగు ఎర్రగా కాలుతుంది, నీళ్ళకు మాడు వాసన పడుతుంది. అందుకే రెండు అంగుళాల నీళ్ళు ఎప్పుడూ మిగుల్చుకోవాలి, వాటిలోనే కొంచెం కొంచెంగా మంచు వెయ్యాలి. ఇంటి నుంచి నీళ్ళు మొయ్యమనడానికి ఇదొక కారణం. మా మేనకోడలికి ఇది చూశాకే నమ్మకం కుదిరింది.

93 డిగ్రీల మరుగులో అన్నం తొందరగా ఉడకదు. ఇంధనం అంత లేదు. కాబట్టి అటుకులు. ఇంట్లోనే వేరుశనగపప్పు, ఎండుమిరప, కరివేపాకు పోపు వేయించి, నిమ్మఉప్పు, పసుపు కలిపి సంచిలో కట్టుకున్నాం. మరిగిన నీళ్ళు పోసి మూతపెడితే అయిదు నిమిషాలు. పైన గరిటెడు నెయ్యి. గ్రాముకు తొమ్మిది కేలరీలిచ్చే తిండి నెయ్యిని మించి ఏముంది? పడుకునే ముందు తిన్న నెయ్యి రాత్రంతా నెమ్మదిగా వెచ్చదనం ఇస్తుంది. సున్నుండలు కూడా తెచ్చాం గానీ నెయ్యి పేరుకుని రాయిలా బిగిశాయి. లోపలి జేబులో అరగంట పెట్టుకుంటే గానీ పంటికి లొంగలేదు.

ఎంత గాలి వీస్తున్నా మూసిన టెంట్‌లో స్టవ్ వెలిగించకూడదు. మంట ప్రమాదం ఒకటైతే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఇంకొకటి. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బయట మంచులో గొయ్యి తవ్వి, గాలికి అడ్డంగా గోడ కట్టి, చిన్న చెక్క మీద స్టవ్ పెట్టుకున్నాం. చెక్క లేకపోతే స్టవ్ తన కింది మంచును తనే కరిగించుకుని కూరుకుపోతుంది.

ఇక నిద్ర. కప్పుకునే దానికంటే కింద పరుచుకునేది ముఖ్యం. ఒంటి కింద పడ్డ బ్యాగు బొచ్చు నలిగి గాలి పోగొట్టుకుంటుంది, అక్కడ వేడిని ఆపేది పరుపే. పరుపుల మీద ఆర్-విలువ అని ఒక అంకె రాసి ఉంటుంది, వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె. మంచు మీద అయిదుకు తగ్గకూడదు. హాయి ఏమిటంటే ఒకదాని మీద ఒకటి వేస్తే అంకెలు కూడతాయి. రెండు విలువ ఉన్న నురుగు చాప కింద, నాలుగు విలువ ఉన్న గాలి పరుపు పైన, మొత్తం ఆరు. గాలి పరుపుకు చిల్లి పడినా చాప మిగులుతుంది.

రాత్రంతా మనిషి ఊపిరి నుంచీ, తెలియకుండా చర్మం నుంచీ గ్లాసుడు నీరు ఆవిరిగా పోతూనే ఉంటుంది. అది బ్యాగు పొరల గుండా బయటికి ప్రయాణిస్తూ, బయటి గుడ్డకు చేరువలో చలి తగిలి గడ్డకడుతుంది. చలేసి తల లోపలికి లాక్కుని ఊపిరి బ్యాగులోకి వదిలితే ఆ నీరంతా బొచ్చులోకే పోతుంది. తడిసిన బొచ్చు ముద్ద కడుతుంది. కాబట్టి ముక్కూ నోరూ బయటే ఉండాలి, తలకు ఉన్ని టోపీ. టెంట్ కిటికీలు కొంచెం తెరిచి ఉంచాలి. మూస్తే వెచ్చగా ఉంటుందనిపిస్తుంది, కానీ తెల్లారేసరికి లోపలి గుడ్డకు నూగు మంచు పట్టి, తగిలిన ప్రతిసారీ మొహం మీద రాలుతుంది.

మరిగించిన నీళ్ళు బాటిల్‌లో పోసి, మూత గట్టిగా బిగించి, మేజోడులో దూర్చి కాళ్ళ దగ్గర పెట్టుకుంటే వేడి కాపడం; పొద్దున అదే తాగే నీరు. రెండో బాటిల్ బయట మంచులో తలకిందులుగా పూడ్చాం. నీరు పైనుంచి గడ్డకడుతుంది, ఐసు తేలుతుంది. నిటారుగా పెడితే మూతే బిగుసుకుపోతుంది, తలకిందులుగా పెడితే గడ్డ అడుగు వైపు కడుతుంది. చుట్టూ ఉన్న మంచు మళ్ళీ దూది పరుపులా పనిచేసి గడ్డను పలచగానే ఉంచుతుంది.

తోటి మనిషిని కనిపెట్టి ఉండటం కూడా ప్లాన్‌లో భాగమే. చేతిలోంచి వస్తువులు జారుతున్నాయా, మాట ముద్దముద్దగా వస్తోందా, ఉన్నట్టుండి విసుగూ మౌనమూ వచ్చాయా? అవి శరీరం చల్లబడుతున్న గుర్తులు. చలిలో ఉన్న మనిషికి వణుకు ఆగిపోతే తేరుకున్నట్టు కాదు, పరిస్థితి ముదిరినట్టు. పొడి బట్టలు, వేడి తీపి పానీయం, బ్యాగు, ఆపైన వెంటనే సాయం. ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకూడదు. ఫలానా రోజు ఫలానా గంటకు ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో మా అక్కకు కాగితం మీద రాసి ఇచ్చి వెళ్ళాం.

పొద్దున ఎండ వచ్చింది. ఆ ఎత్తులో కొత్త మంచు తన మీద పడ్డ వెలుగులో ఎనభై శాతం పైగా తిప్పికొడుతుంది. నల్ల కళ్ళద్దాలు లేకుండా గంట నడిస్తే కంటి పైపొర కమిలి, సాయంత్రానికి ఇసుక పోసినట్టు మండుతుంది. ముక్కు కింద, గడ్డం కింద కూడా సన్‌స్క్రీన్ రాసుకోమన్నాను. వెలుగు కింది నుంచి కూడా వస్తుంది.

మా మేనకోడలు తలకిందుల బాటిల్ తవ్వి తీసి, నిటారుగా తిప్పి, మూత విప్పింది. నీళ్ళు వచ్చాయి. లోపల గుండ్రటి గడ్డ ఒకటి గలగలమంటోంది.

ఇంటికి రాగానే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. బయల్దేరే ముందు తన స్లీపింగ్ బ్యాగును వంటింటి త్రాసు మీద తూచి అంకె రాసి పెట్టుకోమన్నాను. వచ్చాక, ఆరబెట్టకముందే మళ్ళీ తూచింది. బరువు పెరిగింది. తను ఒక రాత్రిలో పోగొట్టుకున్న నీటిలో బ్యాగు అట్టేపెట్టుకున్న వాటా ఎంతో, గ్రాముల్లో, త్రాసు మీద కనిపించింది. మీరు కూడా తూచండి. తర్వాత రెండు కుర్చీల మధ్య పరిచి ఫ్యాను వేశాం, పూర్తిగా ఆరడానికి రెండో రోజు సాయంత్రం దాకా పట్టింది.